పంట పోయినవాడికి కృప ఎక్కడ? (ఆఖరి బెంచీ నుంచి ఒక ప్రశ్న)

కొల్లేటిగాలి | ఆదివారం, రాత్రి 10:40

అందరికీ వందనాలు. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. మాది భీమవరం దగ్గర ఒక ఊరు. సొంత పొలం కొంచెమే, లీజు చెరువులే ఎక్కువ. వనామీ రొయ్య వేస్తాం.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలోంచి ఏడాదికి వాగ్దానంగా బైబిలు వచనం రాసిన కార్డు తీశాను. 'యెహోవా నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు' అని వచ్చింది. ఇంటికి తెచ్చి బీరువా తలుపుకు అంటించుకున్నాను. ఆ ఏడే రెండు పంటలూ పోయాయి.

మొదటిదానికి తెల్లమచ్చ వైరస్ తగిలింది. ఎంత తింటున్నాయో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిపోతుంటే ఎండలకి తినట్లేదేమో అనుకున్నాం. తర్వాత చూస్తే ఎర్రబారిన రొయ్యలు ఈదలేక గట్టు పక్కకి చేరుతున్నాయి. ఒకదాని తలమీద పెంకు ఒలిచి వెలుతురుకి పెట్టి చూశాను, లోపల తెల్లటి చుక్కలు. ఉన్నపళంగా పట్టుబడి పెట్టేశాం. వంద కౌంటుకి (కిలోకి వంద తూగే సైజుకి) కూడా రాని చిన్న రొయ్య. మేత బాకీకే చాలలేదు. రెండో పంట అప్పు మీద వేశాను. మా అక్క బంగారం బ్యాంకులో పెట్టాను, మా సంఘంలో ఒక పెద్దాయన దగ్గర నోటు రాసి తీసుకున్నాను. అదీ పోయింది.

ఇప్పుడు గుడికి వెళ్తే ఆఖరి బెంచీలో కూర్చుంటున్నాను. ఆశీర్వాదం చెప్పకముందే బయటికి వచ్చేస్తున్నాను. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఇచ్చే ఆదివారం అయితే అసలు వెళ్లడమే మానేశాను. సాక్ష్యాలు చెప్పమన్నప్పుడు లేచేవాళ్లంతా వీసా వచ్చినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, ఇల్లు కట్టుకున్నవాళ్లు. పోగొట్టుకున్నవాడు లేచి ఏం చెప్పాలి? ఓడిపోయినవాడి మీదా దేవుని కృప ఉంటుందని అందరూ అంటారు. అది నా ఇంట్లో ఎక్కడుందో నాకు కనపడట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

హోసన్న రాజమండ్రి | ఆదివారం, రాత్రి 10:52

దిగులుపడకండి బ్రదర్. యోబుకి రెండంతలు ఇచ్చిన దేవుడు మీకూ ఇస్తాడు. యోబు 42:10. విశ్వాసంతో ఎత్తి పట్టుకోండి. ఆమెన్.

పాతబెంచీ | ఆదివారం, రాత్రి 11:30

హోసన్న గారూ, మీ మనసు మంచిదే. కానీ యోబు పుస్తకంలో రెండంతలు వచ్చేది ఆఖరి అధ్యాయంలో. మన తమ్ముడు ఇంకా బూడిదలో కూర్చున్న రెండో అధ్యాయంలో ఉన్నాడు. పైగా గొర్రెలూ ఒంటెలూ రెట్టింపయ్యాయి గానీ చనిపోయిన పదిమంది పిల్లలు తిరిగి రాలేదు. తర్వాత పుట్టినవాళ్లు వేరే పిల్లలు.

తమ్ముడూ, వాగ్దానం కార్డు గురించి ఒకటి చెప్పాలి. నేను మా సంఘంలో ఆ కార్డులు కత్తిరించే పని చేసినవాడినే, కాబట్టి ఎవరూ కోప్పడకండి. ద్వితీయోపదేశకాండం 28 ఒక జనాంగంతో చేసిన నిబంధన. ముందు 'మీరు విని నడుచుకుంటే' అని ఉంటుంది, వెనక యాభైకి పైగా వచనాల్లో శాపాలుంటాయి. కార్డు మీద అచ్చయ్యేది మధ్యలో తియ్యటి ముక్క ఒక్కటే. 'అంజూరపు చెట్లు పూయకుండినను ద్రాక్షచెట్లు ఫలింపకపోయినను' అనే హబక్కూకు మాటని కార్డు మీద వేసిన సంఘాన్ని నేనింతవరకు చూడలేదు. ఆ వచనం చివర కూడా మంద దొడ్డిలో లేదు, పశువులు సాలలో లేవు. అయినా ఆనందిస్తానంటాడు ప్రవక్త. వైరస్ తగిలిన చెరువుని కూడా ఆ వరసలో చేర్చుకుని చదువు, ఏం తప్పులేదు.

లెక్కలమాస్టారు | సోమవారం, ఉదయం 6:15

బాబూ, ఓదార్చేవాళ్లు ఎలాగూ వస్తారు, నేను ఒక ప్రశ్న అడుగుతాను. నువ్వు వైఫల్యం అంటున్నది దేన్ని? తెల్లమచ్చ రావడం పాపం కాదు. పక్క చెరువుకీ వస్తుంది, వాడు ఏ దేవుడికి మొక్కినా వస్తుంది. దానికి నువ్వు బల్ల మానేయాల్సిన పనిలేదు. మరి ఎందుకు మానేశావు? ఆ జవాబు నీకు తెలిసే ఉంటుంది. రాయాలనిపిస్తే రాయి, లేకపోతే దేవునితో చెప్పుకో. నష్టం, తప్పు ఈ రెండూ ఒకే మూటలో కట్టుకుంటే మోయలేవు. విడదీయి.

సింహపురి | సోమవారం, ఉదయం 9:05

మా నెల్లూరు కథ ఒకటి చెప్తాను. అమెరికన్ బాప్టిస్టులు పంపిన మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. 1853లో ఆ మిషన్‌ని మూసేద్దామా అని అమెరికాలో వాళ్ల వార్షిక సభలో చర్చ జరిగింది. మ్యాపు మీద ఒంటరిగా చుక్కలా ఉందని దానికి 'లోన్ స్టార్' అనే పేరు వచ్చింది కూడా ఆ సభలోనే. మరుసటి ఏడు జనవరి 1న తెల్లవారుజామున అక్కడి మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండెక్కి ప్రార్థన చేశారు. ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అనే అంటారు.

ఆ తర్వాత ఇంకో మిషనరీ, క్లౌ దొర వచ్చాడు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని పని నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. పని అయ్యాక, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మూసేద్దామనుకున్న మిషన్ అది! కాబట్టి బ్రదర్, దేవుని లెక్కలో మన వైఫల్యం ఆఖరి పేజీ కాదు.

పాతబెంచీ | సోమవారం, ఉదయం 9:40

చిన్న మాట కలుపుతాను. దొరల పేర్లతో పాటు యర్రగుంట్ల పేరయ్య పేరు కూడా చెప్పాలి. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మాదిగ పెద్ద. 1866లో బాప్తిస్మం తీసుకుని తన వాళ్ల మధ్య తిరిగి చెప్పింది ఆయన. దున్నినవాడిని వదిలేసి కోసినవాడికి దండలు వేయడం మనకు అలవాటైపోయింది.

డల్లాస్ తెలుగోడు | సోమవారం, రాత్రి 8:20

సింహపురి అన్నా, చరిత్ర బాగుంది. కానీ నాలాంటివాడికి ఆ కథ ఇంకా భారంగా ఉంటుంది. క్షమించు, ఎందుకో చెప్తాను.

నన్ను కంపెనీ తీసేసినప్పుడు హెచ్-1బి అనే అమెరికా ఉద్యోగ వీసా మీద ఉన్నాను. కొత్త ఉద్యోగం చూసుకోవడానికి 60 రోజులే గడువు. ఇక్కడి తెలుగు ఫెలోషిప్‌లో అందరూ ప్రేమగానే ఉన్నారు. కానీ ప్రతివాళ్లూ రోమా 8:28 చెప్పేవారు. 'సమస్తమును సమకూడి జరుగుచున్నవి బ్రదర్, ఇంతకంటే పెద్ద ప్యాకేజీ వస్తుంది చూడండి.' రాలేదు. చిన్న ఉద్యోగం వచ్చింది, జీతం తగ్గింది, మనిషిని కూడా తగ్గిపోయాననిపించింది. అంటే మరి దేవుడు మాట తప్పాడా? ఆ వచనానికి పక్కనే 'మేలు' అంటే ఏమిటో రాసి ఉంది, తన కుమారుని సారూప్యము గలవారమవడం అని. ప్యాకేజీ మాట ఎక్కడా లేదు.

నీ కథలోనే చూడు. శామ్యూల్ డే 1878 చూడకుండానే పోయాడు. ఆయనకి గుండ్లకమ్మ లేదు. ఆరోగ్యం పాడై అమెరికా తిరిగి వెళ్లిపోయిన మనిషి. ఆయన మీద దేవుని కృప లేదా? ఉందంటే, తర్వాత వచ్చిన విజయంతో పని లేకుండానే ఉండాలి కదా. ఆఖర్లో గెలిస్తేనే కృప అనుకుంటే, ఓడిపోయి అలాగే చనిపోయినవాళ్ల సంగతేంటి?

సింహపురి | సోమవారం, రాత్రి 9:02

ఆలోచించాల్సిన మాటే తమ్ముడూ. నేను డే గారి వైపు నుంచి ఆ కథ ఎప్పుడూ చూడలేదు.

కొల్లేటిగాలి | మంగళవారం, రాత్రి 11:10

మాస్టారూ, మీరు అడిగింది రాస్తాను. రాత్రంతా దాటేద్దామని చూశాను.

మొదటి పంట పోయినప్పుడు బాధే తప్ప సిగ్గు లేదు. అందరూ వచ్చి కూర్చున్నారు, పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. రెండో పంట దగ్గరే ఉంది అసలు సంగతి. చెరువు సరిగ్గా ఎండబెట్టలేదు. రొయ్యపిల్లని వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ టెస్టు చేయించకుండా చెరువులో దింపాను, తక్కువకి దొరుకుతోందని. అక్కతో 'మొదటి పంటలో కొంచెమే పోయింది, ఈసారి గ్యారంటీ' అని చెప్పి బంగారం తీసుకున్నాను. ఆ పెద్దాయనకీ అదే చెప్పాను. పంట పోయాక వాళ్ల ఫోన్లు ఎత్తలేదు. అక్క ఊళ్లోనే ఉంటుంది, ఆ వీధి గుండా వెళ్లడం మానేశాను. బల్ల మానేసింది అందుకే. ఆ పెద్దాయనే ప్లేటు పట్టుకుని వస్తాడు.

మందిరం మెట్లు | బుధవారం, మధ్యాహ్నం 2:30

తమ్ముడూ, నేను పాస్టరుగారి భార్యని. ఎక్కడో చెప్పను, పెద్ద సంఘం కాదు. మీరు రాసింది చదివి వంటింట్లో నిలబడిపోయాను.

యోహాను 21వ అధ్యాయం ఎన్నిసార్లు వినుంటారో. ఈసారి పనుల వరస మాత్రం చూడండి. శిష్యుడు పేతురు మూడుసార్లు యేసుని ఎరుగనని బొంకాడు. అదీ ప్రధాన యాజకుని ముంగిట్లో చలిమంట దగ్గర. తర్వాత పాత పనికి పోయాడు, చేపలకి. రాత్రంతా ఒక్కటీ పడలేదు. అదొక వైఫల్యం మీద ఇంకో వైఫల్యం. తెల్లారేసరికి ఒడ్డున యేసు నిప్పులు చేసి, చేపలు కాల్చి, రొట్టె పెట్టుకుని ఉన్నాడు. ఒడ్డుకి వచ్చినవాళ్లని పిలిచింది 'రండి భోజనము చేయుడి' అని. 'నన్నెందుకు ఎరగనన్నావు' అని కాదు. వాళ్లు తిన్న తర్వాతే, 'వారు భోజనము చేసిన తరువాత' అని యోహాను పనిగట్టుకుని రాశాడు, అప్పుడు అడిగాడు, 'నన్ను ప్రేమించుచున్నావా' అని.

ప్రవక్త ఏలీయా దగ్గరా అంతే. 'నా ప్రాణము తీసికొనుము' అని బదరీవృక్షం కింద పడుకున్నవాడికి దూత చెప్పిన మొదటి మాట 'లేచి భోజనము చేయుము'. రెండుసార్లు తినిపించి నిద్రపోనిచ్చాక గానీ 'ఇక్కడ నీవేమి చేయుచున్నావు' అన్న ప్రశ్న రాలేదు, అదీ హోరేబు కొండ దాకా నడిచి వెళ్లాక.

మనం సంఘాల్లో దీన్ని తిరగేశాం. ముందు లెక్క తేల్చుకో, తర్వాత బల్ల దగ్గరికి రా అంటాం. ఆయన ముందు కూర్చోబెట్టి పెట్టాడు. ప్రశ్న అడగడం మానలేదు, అది కూడా గమనించండి. మూడుసార్లు అడిగాడు, పేతురు బాధపడేదాకా అడిగాడు. కానీ ఆకలితో ఉన్నవాణ్ణి నిలబెట్టి అడగలేదు.

మీరు అడిగారు కదా, కృప నా ఇంట్లో ఎక్కడుందని. పంట రాకముందే, అప్పు తీరకముందే మిమ్మల్ని తినమని పిలిచే మనిషి ఎవరైనా ఉన్నారా, చూడండి. ఉంటే ఆ పిలుపుని తోసేయకండి.

చిట్టీ పోయినావిడ | బుధవారం, సాయంత్రం 6:45

అమ్మగారూ, మీ మాటలు చాలా అందంగా ఉన్నాయి. నేను అవతలి గట్టు నుంచి రాస్తున్నాను.

మా సంఘంలో ఒకాయన చిట్టీలు వేశాడు. ప్రార్థనతో మొదలుపెట్టి, ప్రార్థనతో ముగించేవాడు. మా అమ్మాయి చదువు డబ్బులు అందులో పోయాయి. ఏడాది కనపడలేదు. తర్వాత ఒక ఆదివారం వచ్చి, లేచి ఏడుస్తూ సాక్ష్యం చెప్పాడు. 'నేను పాపిని, దేవుడు నన్ను క్షమించాడు, కృప చూపించాడు' అని. అందరూ 'స్తోత్రం' అన్నారు. పాస్టరుగారు కౌగిలించుకున్నారు. నేను మూడో బెంచీలో ఉన్నాను. దేవుడు క్షమించాడట. నేనింకా క్షమించలేదు, నన్నెవరూ అడగనే లేదు.

కొల్లేటిగాలి గారూ, మీరు మోసగాడని అనట్లేదు. కానీ కృప, కృప అని ఇంతమంది రాస్తుంటే మీ అక్కగారి గురించి ఇక్కడ ఒక్కరూ అడగలేదు. ఆవిడకి ఏం తెలుసు ఇప్పటికి?

హోసన్న రాజమండ్రి | బుధవారం, సాయంత్రం 7:10

సిస్టర్, మనం కూడా క్షమించాలి కదా. డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, అన్నాడు ప్రభువు.

చిట్టీ పోయినావిడ | బుధవారం, సాయంత్రం 7:14

అన్నాడు. ఆ మాట పోగొట్టుకున్నవాళ్లకి చెప్పడానికి ఎంత త్వరగా గుర్తొస్తుందో, పోగొట్టినవాళ్లకి, అన్యాయంగా తీసుకున్నది తిరిగి ఇస్తానన్న జక్కయ్య మాట చెప్పడం అంత త్వరగా గుర్తురాదు మీకు.

లెక్కలమాస్టారు | గురువారం, ఉదయం 5:50

అమ్మా, నేను జక్కయ్య గురించే రాద్దామని లేచాను.

యేసుని చూడ్డానికి చెట్టెక్కిన ఆ పన్నుల అధికారి కథలోనూ పాస్టరు అమ్మగారు చెప్పిన వరసే ఉంది. 'నేడు నేను నీ యింట నుండవలసియున్నది' అన్నమాట ముందు. చెట్టు దిగకముందే. 'నాలుగంతలు మరల చెల్లింతును' అన్నది తర్వాత. యేసు అడగలేదు, జక్కయ్యే చెప్పాడు. అంటే తిరిగి ఇవ్వడం కృపకి టిక్కెట్టు కాదు. కానీ కృప దిగిన ఇంట్లో ఆ మాట రాకుండా ఉండదు. రాలేదంటే అక్కడ దిగింది వేరే ఏదో. మీ సంఘంలో ఆయన చెప్పింది సగం సాక్ష్యం.

బాబూ, నీకు పని చెప్తాను. పెద్ద మాటలు పక్కన పెట్టు. ఒక తెల్లకాగితం తీసుకుని ఎవరికి ఎంత, ఎప్పటి నుంచి, ఏ వడ్డీ, అన్నీ రాయి. మేత కొట్టు బాకీ, లీజు బాకీ కూడా. ప్రామిసరీ నోటుకి మూడేళ్లే గడువు. ఆ పెద్దాయన నోటు తేదీ చూడు. గడువు దగ్గరపడుతుంటే ఆయన అడక్కముందే నువ్వే వెళ్లి తిరగరాసి ఇవ్వు. వెయ్యి రూపాయలున్నా ఇచ్చి నోటు వెనక చెల్లు (ఇంత కట్టానన్న రాత) వేసి సంతకం పెట్టు. కాలం చెల్లిపోతే బాగుండునని లోపల ఎదురుచూసే అప్పులవాళ్లుంటారు. నువ్వు వాళ్లలో ఒకడివి కాకు. ఇచ్చే స్తోమత లేదు, సరే. దాక్కోకుండా ఉండే స్తోమత నీకుంది.

రెండోది. వ్యాధిని నీ తప్పుల కాగితం మీద రాయకు. టెస్టు చేయించకపోవడం రాయి, అక్కకి అబద్ధం చెప్పడం రాయి. తెల్లమచ్చని రాయకు.

పాతబెంచీ | గురువారం, ఉదయం 10:20

బల్ల మాట మిగిలిపోయింది. 'ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను' అని పౌలు అన్నాడు నిజమే. ఆ వాక్యం అక్కడ ఆగదు, 'ఆలాగుచేసి ఆ రొట్టెను తిని' అని సాగుతుంది. పరీక్షించుకుని మానేయమని లేదు. మన పెద్దలు చాలామంది సగం వాక్యానికే ఏళ్ల తరబడి బయట కూర్చున్నారు. మా నాన్నగారు అలాగే కూర్చుని అలాగే పోయారు. నాకు ఆ కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఇంకోటి. ఆ రాత్రి పేతురు బొంకబోతున్నాడని ప్రభువుకి బల్ల దగ్గరే తెలుసు. లూకా 22:32 చూడు. 'నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని. నీ మనసు తిరిగిన తరువాత నీ సహోదరులను స్థిరపరచుము.' పడకముందే లేచిన తర్వాత చేయాల్సిన పని కూడా అప్పగించేశాడు. రొట్టె ఇవ్వడం మానలేదు.

డల్లాస్ తెలుగోడు | గురువారం, రాత్రి 9:30

మార్కు సంగతి కూడా చూడండి. పౌలు, బర్నబాలతో సువార్త పనికి వెళ్లి, పంఫూలియలో పనిని వదిలేసి వెళ్లిపోయాడు. వాడు వద్దని పౌలు, కావాలని బర్నబా. ఆ ఒక్క కుర్రాడి మీద ఇద్దరూ తీవ్రంగా వాదించుకుని విడిపోయారు. పౌలు వేదాంతంలో ఎంత గొప్పవాడైనా ఆ రోజు మార్కుకి కృప అందింది బర్నబా చేతి మీదుగా. ఏళ్ల తర్వాత పౌలే రాశాడు, మార్కుని వెంటబెట్టుకుని రా, అతడు నాకు ప్రయోజనకరమైనవాడు అని. నా ఉద్యోగం పోయినప్పుడు వచనం చెప్పకుండా మా ఇంటి కరెంటు బిల్లు కట్టిపోయినవాడు ఒకడున్నాడు. ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు.

నిర్వాహకుడు | శుక్రవారం, ఉదయం 8:00

ప్రైవేటు మెసేజ్‌లో సాయం చేస్తామని కొందరు అడుగుతున్నారు. ఈ వేదిక ద్వారా డబ్బు సేకరణ వద్దు, నియమం తెలిసిందే. చర్చ కొనసాగించండి. 'ఆమెన్' ఒక్కటే రాసిన పోస్టులు తీసేశాను, కోప్పడకండి.

కొల్లేటిగాలి | ఆదివారం, మధ్యాహ్నం 3:15

కాగితం రాశాను మాస్టారూ. రాస్తే అనుకున్నదానికంటే ఎక్కువే తేలింది.

శుక్రవారం ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. లోపలికి రమ్మనకుండా అరుగు మీదే నిలబెట్టి బాగా తిట్టాడు. డబ్బు గురించి తక్కువ, ఫోన్ ఎత్తనందుకు ఎక్కువ. నోటు తిరగరాస్తానంటే వద్దనలేదు. చెల్లు వేయడానికి కొంచెం పట్టుకెళ్లాను, లెక్కపెట్టి తీసుకున్నాడు. క్షమించానని అనలేదు, నేనూ అడగలేకపోయాను. వచ్చేస్తుంటే వాళ్లావిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగాను. అమ్మగారు రాసింది గుర్తొచ్చి తోసేయలేదు.

ఈ రోజు బల్ల ఆదివారం. వెళ్లాను. ఆయనే ప్లేటు తెచ్చాడు. నా మొహం చూడలేదు, నేనూ చూడలేదు. రొట్టె తీసుకున్నాను. ఏదో పెద్ద ఆనందం వచ్చేసిందని అబద్ధం చెప్పను, చేతులు వణికాయి అంతే.

అక్క దగ్గరికి ఇంకా వెళ్లలేదు. అదే కష్టంగా ఉంది. బావకి బంగారం సంగతే తెలియదు.

చిట్టీ పోయినావిడ | ఆదివారం, సాయంత్రం 4:40

అక్కగారి దగ్గరికి ఇవాళే వెళ్లండి తమ్ముడూ. బ్యాంకు వాళ్ల వేలం నోటీసు ఇంటికి వచ్చి, ఆవిడకి మీ నోటి నుంచి కాకుండా పోస్టులో తెలిస్తే అది వేరే గాయం అవుతుంది. నాకు అలాగే తెలిసింది. బావగారితో మీ అంతట మీరు చెప్పకండి, ఎలా చెప్పాలో ఆవిడనే నిర్ణయించుకోనివ్వండి. ఆవిడ అరిస్తే అరవనివ్వండి. మధ్యలో వచనం మాత్రం చెప్పొద్దు.

లెక్కలమాస్టారు | ఆదివారం, సాయంత్రం 5:05

అమ్మ చెప్పినట్టు చెయ్యి. అసలు కట్టలేకపోతే వడ్డీ మట్టుకు కట్టి ఆ బంగారం లోను రెన్యువల్ చేయించు. ఏ తేదీలోపు కట్టాలో బ్యాంకులో అడిగి రాసుకో. రసీదు నీ జేబులో పెట్టుకోకు, మీ అక్క చేతికివ్వు.

కొల్లేటిగాలి | ఆదివారం, సాయంత్రం 5:30

సరే మాస్టారూ. రేపు సోమవారం, బ్యాంకు పది గంటలకి తీస్తారు. అక్క ఇంటికి ఇప్పుడే బయల్దేరుతున్నాను.

మందిరం మెట్లు | ఆదివారం, సాయంత్రం 5:38

వెళ్లిరండి. మీ అక్కగారు ఏం పెట్టినా తినేసి రండి. ఏమీ పెట్టకపోయినా కాసేపు కూర్చునే రండి.